నలభై దాటాక నెలసరి గాడి తప్పితే: లెక్క రాయడం నుంచి మందుల దాకా

ముట్లు ఆగిపోయాక వచ్చే మార్పుల గురించి ఇళ్లలో ఎంతో కొంత మాట్లాడుకుంటారు. నిజానికి ఎక్కువమందిని ఇబ్బంది పెట్టేది దానికి ముందు నడిచే కొన్నేళ్లు. నెలసరి ఇంకా వస్తూనే ఉంటుంది, కాకపోతే ఒకసారి మూడు వారాలకే, ఒకసారి రెండు నెలలకు. నిద్ర తెగిపోతుంది, చిన్నమాటకే కోపం వస్తుంది, ఏసీలో కూర్చున్నా మెడ తడుస్తుంది. డేటు వస్తోంది కదా అని ఎవరూ దీన్ని మెనోపాజ్‌తో కలిపి చూడరు. డాక్టర్లు ఈ దశను పెరిమెనోపాజ్ అంటారు. చెన్నైలో ఉంటున్న మన తెలుగు ఆడవాళ్ల కోసం దాని గురించే ఇక్కడ రాస్తున్నాం. పన్నెండు నెలలు వరసగా నెలసరి రాకపోతేనే మెనోపాజ్ అయినట్టు.

మన దేశంలో ముట్లు పూర్తిగా ఆగే సగటు వయసు 46-47. పశ్చిమ దేశాల్లో 51. కాబట్టి అక్కడి వాళ్లు 45 దాటాక వస్తాయని రాసే లక్షణాలు మనవాళ్లకు 40, 42కే మొదలైతే కంగారు పడక్కర్లేదు. అయితే 40 లోపే నెలసరి నిలిచిపోతే అది వేరే సంగతి. ఎముకలు, గుండె దెబ్బతినకుండా హార్మోన్ చికిత్స అవసరం పడుతుంది, ఆలస్యం చేయకూడదు.

లోపల జరిగేది ఇది. అండం విడుదల కాని నెలలు పెరుగుతాయి. అండం విడుదల కాకపోతే ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్ తయారు కాదు, అది లేకపోతే గర్భసంచి లోపలి పొర అదుపు లేకుండా మందమై, ఆలస్యంగా, ఎక్కువగా, ఎక్కువ రోజులు పోతుంది. ఇంకో హార్మోన్ ఈస్ట్రోజెన్ నెమ్మదిగా తగ్గుతూ పోదు. ఒక వారం బాగా పెరుగుతుంది, ఇంకో వారం పడిపోతుంది. రొమ్ముల్లో సలపరం, పొట్ట ఉబ్బరం పెరిగినప్పటివి, వేడి ఆవిర్లు పడిపోయినప్పటివి. ఒకే నెలలో రెండూ కనిపించడానికి కారణం ఇదే. ఒక్కరోజు రక్తంలో ఎఫ్ఎస్‌హెచ్ (అండాశయాలను ప్రేరేపించే హార్మోన్) చూసి ఏదీ తేల్చలేకపోవడానికి కారణం కూడా ఇదే. 45 దాటి లక్షణాలు స్పష్టంగా ఉన్నవాళ్లకు ఆ పరీక్షే అవసరం లేదు. ల్యాబుల వాళ్లు అమ్మే "ఉమెన్ హార్మోన్ ప్యాకేజీ"కి పెట్టే డబ్బు దాదాపు వృథా. అంతకన్నా మీరు రాసిన మూడు నెలల లెక్క డాక్టరుకు ఎక్కువ చెబుతుంది.

లెక్క ఎలా రాయాలి

ఫోన్ యాప్ అయినా సరే, గోడమీది తెలుగు క్యాలెండర్ అయినా సరే. యాప్ వాడితే అది చెప్పే "తర్వాతి డేటు"ను నమ్మకండి. క్రమం తప్పకుండా వచ్చేవాళ్ల కోసం చేసిన లెక్క అది. రోజూ నాలుగు సంగతులు రాస్తే చాలు: రక్తస్రావం ఎంత, వేడి ఆవిర్లు ఎన్నిసార్లు, రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఆ రోజు మనసు ఎలా ఉంది (1 నుంచి 5 వరకు అంకె వేయండి). స్రావం మొదలైన రోజును 1వ రోజుగా లెక్కపెట్టండి. చిన్న మరకను విడిగా గుర్తు పెట్టండి.

ఒక నెలసరి మొదలు నుంచి తర్వాతి నెలసరి మొదలు వరకు ఎన్ని రోజులో చూడండి. పక్కపక్క నెలల మధ్య 7 రోజులు లేదా అంతకన్నా ఎక్కువ తేడా పదేపదే వస్తుంటే దశ మొదలైనట్టు. 60 రోజులో అంతకన్నా ఎక్కువో వ్యవధి వచ్చిందంటే చివరి భాగంలోకి వచ్చినట్టు. వేడి ఆవిర్లు సాధారణంగా ఇక్కడి నుంచే ముదురుతాయి.

"చాలా పోతోంది" అంటే డాక్టరుకు ఏమీ అర్థం కాదు, ఎందుకంటే అందరూ అదే అంటారు. దీనికి ప్యాడ్ లెక్క ఉంది. కొద్దిగా మరకైన ప్యాడ్‌కు 1, సగం వరకు తడిసినదానికి 5, పూర్తిగా తడిసినదానికి 20. చిన్న గడ్డకు 1, పెద్ద గడ్డకు 5. నెలసరి మొత్తం కూడండి. 100 దాటితే ఎక్కువ స్రావం కింద లెక్క, అంటే సుమారు 80 మి.లీ. పైన. ఉదాహరణకు: మొదటి రోజు ఒక మరక, రెండు సగం, మొత్తం 11. రెండో రోజు నాలుగు నిండినవి, ఒక పెద్ద గడ్డ, మొత్తం 85. మూడో రోజు రెండు నిండినవి, రెండు సగం, మొత్తం 50. నాలుగో రోజు మూడు సగం, 15. అయిదో రోజు రెండు మరకలు, 2. అన్నీ కలిపితే 163. ఈ అంకె చూపిస్తే ఇక వాదన ఉండదు. ఒక్క జాగ్రత్త: లెక్క సాగినన్నాళ్లూ ఒకే రకం ప్యాడ్ వాడండి. ఎక్స్ఎల్ ఒక నెల, మామూలుది ఒక నెల అయితే అంకెలు పోలవు. మెన్‌స్ట్రువల్ కప్ వాడేవాళ్లకు పని సులువు, గీతల్లో మి.లీ. చదివి కూడితే సరిపోతుంది.

ఇవి ఉంటే మూడు నెలలు ఆగొద్దు

గంటకో ప్యాడ్ చొప్పున రెండు గంటలకు మించి తడుస్తుంటే, కళ్లు తిరుగుతుంటే, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నిలబడలేకపోతే 108కి ఫోన్ చేయండి. 10 రూపాయల బిళ్లంత గడ్డలు పదేపదే పడటం, స్రావం 8 రోజులకు మించి సాగడం, 21 రోజుల లోపే మళ్లీ రావడం, నెలసరికి నెలసరికి మధ్య లేదా కలయిక తర్వాత రక్తం కనిపించడం, ఇవన్నీ ఆ వారంలోనే చూపించాల్సినవి. ఏడాది పాటు ఆగిపోయాక మళ్లీ ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవాలి. "ముట్లు ఆగే వయసు కదా, అలాగే ఉంటుంది" అని సర్ది చెప్పేవాళ్లు ఇంట్లో ఒకరు ఉంటారు. వాళ్ల మాట వినకండి. గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ తొలిదశలో ఇచ్చే సూచన సరిగ్గా ఇదే, తొలిదశలో పట్టుకుంటే బాగా నయమయ్యే జబ్బు కూడా అది.

చెన్నైలో ప్రభుత్వపరంగా వెళ్లాలంటే ఎగ్మూరులోని ప్రసూతి, స్త్రీ వ్యాధుల సంస్థ, ట్రిప్లికేన్‌లో గోషా ఆసుపత్రిగా అందరూ పిలిచే కస్తూర్బా గాంధీ ఆసుపత్రి ఉన్నాయి. అవుట్ పేషెంట్ విభాగం పొద్దున్నే నడుస్తుంది, త్వరగా చేరాలి. తమిళం తడబడేవాళ్లు లక్షణాలు, చివరి నెలసరి మొదలైన తేదీ, ప్యాడ్ లెక్క మొత్తం, వాడుతున్న మందుల పేర్లు ఒక కాగితం మీద రాసుకెళ్లండి. చీటీ రాసేచోట, స్కాన్ గదిలో, డాక్టరు దగ్గర అదే కాగితం చూపించొచ్చు.

అక్కడ చేసేవి: కడుపుతో లేరని నిర్ధారణ (45 ఏళ్లకు కూడా అడుగుతారు, నొచ్చుకోకండి), హిమోగ్లోబిన్, యోని ద్వారా స్కాన్. వీలైతే స్కాన్‌ను స్రావం ఆగిన వెంటనే చేయించుకోండి. అప్పుడు పొర పల్చగా ఉంటుంది, మందం కొలత అర్థవంతంగా వస్తుంది. నెలసరి ముందు తీస్తే పొర సహజంగానే మందంగా కనిపించి అనవసరమైన భయం పుడుతుంది. 45 దాటి స్రావం అస్తవ్యస్తంగా ఉన్నవాళ్లకు పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతారు. సన్నటి గొట్టంతో, మత్తు లేకుండా కొన్ని నిమిషాల్లో అయిపోతుంది. నెలసరి నొప్పి లాంటి పోటు వస్తుంది. గంట ముందు నొప్పి మాత్ర వేసుకోవచ్చేమో అడగండి.

స్కాన్ రిపోర్టులో కొన్ని మాటలు ఉత్తినే హడలగొడతాయి. "బల్కీ యుటెరస్" అంటే గర్భసంచి కాస్త పెద్దగా ఉందని, పిల్లలు పుట్టినవాళ్లలో మామూలే. "నాబోతియన్ సిస్ట్" అంటే గర్భసంచి మూతి దగ్గరి చిన్న తిత్తి, హాని లేనిది. చిన్న ఫైబ్రాయిడ్లు (గర్భసంచిలో పెరిగే క్యాన్సర్ కాని గడ్డలు) ఈ వయసులో చాలామందిలో ఉంటాయి, మెనోపాజ్ తర్వాత సాధారణంగా కుంచించుకుపోతాయి. అండాశయంలో 5 సెం.మీ. లోపు నీటితిత్తి ఎక్కువగా దానంతటదే పోతుంది, రెండు మూడు నెలల తర్వాత మళ్లీ చూస్తారు.

ఇవి చూసి "గర్భసంచి తీసేద్దాం" అనే మాట వస్తే తొందరపడకండి. మనవాళ్ల విషయంలో ఈ హెచ్చరిక గట్టిగా చెప్పాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 8 శాతం దాటారు. ఊళ్లో అక్కా, వదినా తీయించుకున్నారు కాబట్టి మనకూ అదే దారి అనుకోవడం ఇక్కడిదాకా వచ్చినా పోలేదు. కేంద్ర ఆరోగ్య శాఖ 2022లో అనవసర ఆపరేషన్లు తగ్గించాలని మార్గదర్శకాలు ఇచ్చింది. అండాశయాలు ఉంచి గర్భసంచి మాత్రమే తీసినా మెనోపాజ్ ముందుకు జరగొచ్చు. క్యాన్సర్ లేదా దాని ముందుదశ తేలితే ఆపరేషన్ సరైన మాటే. లేకపోతే ముందు మూడు ప్రశ్నలు అడగండి: ముక్క పరీక్ష ఫలితం ఏమిటి? మందులతో ఎన్ని నెలలు ప్రయత్నించాం? హార్మోన్ లూప్ నాకు పనికొస్తుందా?

ఆ హార్మోన్ లూప్‌లో లీవోనార్జెస్ట్రల్ 52 మి.గ్రా. ఉంటుంది. గర్భసంచిలో పెడితే స్రావాన్ని బాగా తగ్గించి, ఏళ్లపాటు పనిచేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు మరకలు మరకలుగా పోవడం సహజం. ఆ సంగతి ముందే చెప్పక చాలామంది రెండో నెలకే తీయించేసుకుంటారు. లూప్ వద్దనుకుంటే ట్రానెక్సామిక్ యాసిడ్ ఉంది: స్రావం ఎక్కువున్న రోజుల్లో మాత్రమే, సాధారణంగా 1 గ్రాము చొప్పున రోజుకు మూడుసార్లు, నాలుగైదు రోజులకు మించకుండా. కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు వాడకూడదు. అందుకే మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్ర కాదు.

షాపులో అడిగి తెచ్చుకునే ఇంకో మాత్ర గురించి చెప్పాలి. వరలక్ష్మీ వ్రతానికో, తిరుమల దర్శనానికో డేటు వాయిదా వేయడానికి నోరెథిస్టెరాన్ 5 మి.గ్రా. వాడటం ఇళ్లలో మామూలైపోయింది. అనుకున్న డేటుకు మూడు రోజుల ముందు మొదలుపెట్టాల్సిన మందు అది. డేటు ఎప్పుడో తెలియని ఈ వయసులో ఆ లెక్కే కుదరదు. ఆలస్యంగా మొదలుపెడితే మరక ఆగదు, ఆపాక ఒక్కసారిగా వరదలా పోతుంది. పైగా కారణం తెలియని స్రావాన్ని కప్పిపెడుతుంది. అధిక బరువు, పొగ అలవాటు, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లకు ప్రమాదం కూడా. తప్పనిసరి అయితే మీ లెక్క పుస్తకం చూపించి డాక్టరు చేతే రాయించుకోండి.

అన్నీ ఈ దశ ఖాతాలో వేయకండి

అలసట, జుట్టు రాలడం, గుండె దడ, మతిమరుపు, బరువు పెరగడం: ఇవి థైరాయిడ్‌లో ఉంటాయి, రక్తహీనతలో ఉంటాయి, బీ12 లోపంలో ఉంటాయి, షుగర్‌లో కూడా కొన్ని ఉంటాయి. కాబట్టి డబ్బు పెట్టాల్సిన పరీక్షలు ఇవి: సీబీసీ (రక్తకణాల లెక్క), ఫెరిటిన్ (ఐరన్ నిల్వలు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), బీ12, కొలెస్ట్రాల్, వాటితోపాటు బీపీ. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడుతుంటే పరీక్షకు రెండు మూడు రోజుల ముందు ఆపండి. కొన్ని యంత్రాల్లో అవి థైరాయిడ్ ఫలితాన్ని తారుమారు చేస్తాయి. హిమోగ్లోబిన్ 12 పైన ఉన్నా ఫెరిటిన్ 30 లోపు ఉంటే ఐరన్ నిల్వలు అడుగంటినట్టే, ఆయాసం, నీరసం అక్కడి నుంచే రావొచ్చు. ఐరన్ మాత్రను నిమ్మరసంతో వేసుకోండి. ముందు గంట, తర్వాత రెండు గంటలు కాఫీ, టీ, పాలు, కాల్షియం మాత్ర దగ్గరికి రానివ్వకండి. రోజూ పడకపోతే రోజు విడిచి రోజు వేసుకున్నా ఒంటికి బాగానే అందుతుంది.

కీళ్ల నొప్పులు ఈ దశలో నిజంగానే వస్తాయి, ముఖ్యంగా పొద్దున లేవగానే వేళ్లు పట్టేయడం, భుజం బిగుసుకుపోవడం. కానీ చెన్నైలో చికున్‌గున్యా వచ్చిపోయాక నెలల తరబడి కీళ్లు లాగుతాయి. కీలు వాచి, గంటసేపటికీ సడలకపోతే కీళ్లవాతం పరీక్ష చేయించాలి. మెట్లెక్కితే ఛాతీలో బిగుతు, దవడకో చేతికో పాకే నొప్పి ఉంటే ఈసీజీ అదే రోజు. రాత్రి చెమటలకు తోడు సాయంత్రం జ్వరం, రెండు వారాలకు మించిన దగ్గు, బరువు తగ్గడం ఉంటే క్షయ పరీక్ష చేయించుకోవాలి.

వేడి ఆవిర్లు, చెన్నై ఉక్క

ఉక్కపోత ఒళ్లంతా పట్టేది, ఫ్యాన్ కిందికి వస్తే తగ్గేది. వేడి ఆవిరి ఛాతీ దగ్గర పుట్టి మెడ, ముఖం వైపు ఎగబాకుతుంది. గుండె కొట్టుకుంటుంది, ఒకటి నుంచి అయిదు నిమిషాలు ఉండి, చెమట పట్టి, ఆ తర్వాత చలి వేస్తుంది. మార్గశిరంలో తెల్లవారుజామున కూడా వస్తుంది. ఒంట్లో వేడి చేసిందని సబ్జా గింజలు, మజ్జిగ తాగడం వల్ల నష్టం లేదు, ఒంటికి నీరు అందుతుంది. కానీ ఆవిరి పుట్టేది పొట్టలో కాదు, మెదడులో ఉష్ణోగ్రతను నియంత్రించే చోట. ఈస్ట్రోజెన్ పడిపోతే ఆ నియంత్రణ బాగా సున్నితమైపోయి, కొద్దిపాటి వేడికే చెమట పట్టించే ఆదేశం వెళుతుంది. అందుకే చలవ చేసే పదార్థాలు ఎన్ని తిన్నా ఆవిరి ఆగదు.

సముద్రపు తేమలో చెమట ఆరదు, కాబట్టి ఇక్కడ ఆవిరి వచ్చిపోయాక కూడా చాలాసేపు చిరాకుగా ఉంటుంది. గాలి కదలిక పెంచడం ఉపయోగపడుతుంది: ఏసీ 26 దగ్గర పెట్టి ఫ్యాన్ తిప్పండి, లేదా ఏసీని డ్రై మోడ్‌లో నడపండి. పడుకునే చోట పక్కనే పొడి నూలు నైటీ ఒకటి, తుండు ఒకటి పెట్టుకుంటే రాత్రి లేచి బీరువా వెతికి నిద్ర పూర్తిగా చెడగొట్టుకునే పని ఉండదు. దుప్పటి భర్తతో కలిపి కాకుండా విడిగా. వంట పెందలాడే ముగించి, వంటగదిలో ఎగ్జాస్ట్ వేయండి. కారం, వేడివేడి కాఫీ, మద్యం కొందరిలో ఆవిరిని రేపుతాయి, కొందరిలో ఏమీ చేయవు. మీ లెక్కలో రెండు వారాలు గుర్తు పెట్టి చూసి, సంబంధం కనిపిస్తేనే మానండి. ఆవకాయను కారణం లేకుండా త్యాగం చేయక్కర్లేదు.

ప్రాణాయామం కంగారును తగ్గిస్తుంది, ఆవిర్ల సంఖ్యను తగ్గిస్తుందని గట్టి రుజువు లేదు. బరువు ఎక్కువున్నవాళ్లు తగ్గితే ఆవిర్లూ తగ్గుతాయి. సోయా, శతావరి వంటివాటి మీద ఫలితాలు ఒక తీరుగా లేవు. పేరు, పాళ్లు రాయని పొడులు మాత్రం కొనకండి.

రోజుకు ఏడెనిమిది సార్లు వచ్చి పని చెడగొడుతుంటే హార్మోన్ చికిత్సకు సాటి వచ్చేది లేదు. దాని మీద ఉన్న భయం ఎక్కువగా 2002లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనం వల్ల వచ్చింది. అందులో పాల్గొన్నవాళ్ల సగటు వయసు 63. మెనోపాజ్ దగ్గర్లో, 60 లోపు మొదలుపెట్టే ఆరోగ్యవంతులకు లాభనష్టాల లెక్క వేరుగా ఉంటుంది. ఈస్ట్రోజెన్‌ను చర్మానికి రాసే జెల్‌గానో అంటించే ప్యాచ్‌గానో వాడితే, మాత్రలా రక్తం గడ్డకట్టే ప్రమాదాన్ని పెంచదు. గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు, లోపలి పొర క్యాన్సర్ వైపు మళ్లుతుంది. నెలసరి ఇంకా వస్తున్నవాళ్లకు సాధారణంగా నెలలో 12-14 రాత్రులు ప్రొజెస్టెరాన్ 200 మి.గ్రా. కలుపుతారు. అది నిద్ర తెప్పిస్తుంది కాబట్టి పడుకునే ముందు వేసుకోవాలి. రెండూ కలిపి ఏళ్లతరబడి వాడితే రొమ్ము క్యాన్సర్ ముప్పు కొద్దిగా పెరుగుతుంది, ఆ సంగతి డాక్టరుతో తేల్చుకోవాలి. రొమ్ము క్యాన్సర్, గుండెపోటు, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం, తీవ్రమైన కాలేయ జబ్బు, కారణం తేలని స్రావం ఉన్నవాళ్లకు ఇవ్వరు. వాళ్లకు తక్కువ మోతాదులో వెన్లఫాక్సిన్, రాత్రిపూట గబాపెంటిన్ వంటి హార్మోన్ కాని మందులు ఉన్నాయి. రొమ్ము క్యాన్సర్ మందు టామాక్సిఫెన్ వాడేవాళ్లు ఇలాంటిదే అయిన పారోక్సెటిన్ తీసుకోకూడదు, అది టామాక్సిఫెన్ పనిని అడ్డుకుంటుంది. ఏ మందు మొదలుపెట్టినా దాదాపు మూడు నెలలకు మళ్లీ కలిసి, పాత లెక్కతో కొత్త లెక్క పోల్చాలి.

నిద్ర, మనసు

రాత్రి మూడుకు మెలకువ వచ్చి మళ్లీ పట్టకపోతే, ఇరవై నిమిషాలయ్యాక మంచం దిగి మసక వెలుగులో కూర్చోండి, నిద్ర వచ్చాకే తిరిగి పడుకోండి. గడియారం చూడకండి. ఎన్ని గంటలకు పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేవాలి. రెండు వారాలు పట్టుదలగా చేస్తేనే ఫలితం తెలుస్తుంది. ఫిల్టర్ కాఫీ ఆఖరిది మధ్యాహ్నం 12 లోపు. నాలుగున్నరకు తాగినదానిలో సగం కెఫీన్ రాత్రి తొమ్మిదిన్నరకు కూడా ఒంట్లో ఉంటుంది. గురక పెరిగి, పగలంతా మగతగా ఉంటే నిద్రలో ఊపిరి ఆగే జబ్బు కోసం పరీక్ష అడగండి. ఈ వయసు నుంచి ఆడవాళ్లలోనూ అది పెరుగుతుంది.

చిరాకు వచ్చిపోతుంటే ఒక రకం. రెండు వారాలు వరసగా దేనిమీదా ఆసక్తి లేక, ఏడుపు ఆగక ఉంటే అది డిప్రెషన్, చికిత్స కావాలి. కాన్పు తర్వాత దిగులు పడ్డవాళ్లకు, నెలసరి ముందు బాగా కుంగిపోయేవాళ్లకు ఈ దశలో ముప్పు ఎక్కువ. బతకాలని లేదనే ఆలోచన వస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ-మానస్ 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

ఎముకలు, కండ

రోజుకు కాల్షియం 1000 మి.గ్రా., ముట్లు ఆగాక 1200. అర లీటరు పాలూ పెరుగూ కలిపి దాదాపు 600 ఇస్తాయి. 60 గ్రాముల రాగిపిండి సుమారు 200. మిగతాది మునగాకు, అవిశాకు, నువ్వులు, ముల్లుతో తినే నెత్తళ్లు. మాత్ర తప్పదంటే ఒక్కసారికి 500 మి.గ్రా. మించకుండా, భోజనంతో. విటమిన్ డి 60,000 యూనిట్ల సాచెట్ వారానికొకటి అంటే ఎనిమిది వారాల కోర్సు అన్నమాట, ఏళ్లతరబడి వేసుకునేది కాదు.

అపార్ట్‌మెంట్ల శిబిరాల్లో మడమకు యంత్రం పెట్టి "ఎముకలు గుల్లబారాయి" అని చెబితే మందులు కొనకండి. నిర్ధారణకు తుంటి, వెన్నుల డెక్సా స్కాన్ (ఎముకల సాంద్రత కొలిచేది) ఉండాలి. నడక మంచిదే, బీసెంట్ నగర్ తీరంలో పొద్దున ఏడు లోపు అయితే ఎండ తగలదు. కానీ నడక ఒక్కటే కండను నిలపదు. వారానికి రెండు రోజులు బరువుతో పని ఉండాలి: కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి కూర్చోవడం పదేసి సార్లు మూడు విడతలు, గోడకు చేతులు ఆన్చి తోయడం కూడా అన్నేసి సార్లు, రెండు లీటర్ల నీళ్ల సీసాలు పట్టుకుని మోచేతులు మడవడం. సులువైపోతే బరువు పెంచాలి, సంఖ్య కాదు. నడుము చుట్టుకొలత 80 సెం.మీ. దాటితే షుగర్, బీపీ ఏడాదికోసారి తప్పనిసరి.

ఎవరూ అడగనివి

యోని పొడిబారడం, కలయికలో మంట, మూత్రం ఆపుకోలేకపోవడం, మాటిమాటికీ యూరిన్ ఇన్ఫెక్షన్. వేడి ఆవిర్లు కొన్నేళ్లకు తగ్గుతాయి గానీ ఇవి వదిలేస్తే పెరుగుతాయి. సువాసన సబ్బులు, "ఇంటిమేట్ వాష్"లు మానేసి మామూలు నీళ్లు వాడండి. కలయికకు నీటి ఆధారిత జెల్. కొబ్బరినూనె కండోమ్‌ను చెడగొడుతుంది. చాలకపోతే ఈస్ట్రియాల్ క్రీమ్ రాస్తారు: సాధారణంగా రెండు మూడు వారాలు రోజూ రాత్రి, తర్వాత వారానికి రెండుసార్లు. ఒంట్లోకి చేరేది అత్యల్పం, ఫలితానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు, ఆపితే లక్షణాలు తిరిగొస్తాయి. యూరిన్ మంటకు ప్రతిసారీ యాంటీబయాటిక్ వేసుకోకుండా ముందు కల్చర్ (మూత్రంలో క్రిమి ఉందో లేదో చూసే పరీక్ష) చేయించండి. చాలాసార్లు క్రిమి ఉండదు, పొడిబారడమే ఉంటుంది.

గర్భనిరోధం సంగతి కూడా ఇక్కడే. మూడు నెలలు డేటు రాలేదని జాగ్రత్తలు మానేస్తే, నాలుగో నెల అండం విడుదల కావొచ్చు. హార్మోన్ చికిత్స గర్భాన్ని ఆపదు. చివరి నెలసరి 50 దాటాక వస్తే ఆ తర్వాత ఏడాది, 50 లోపు వస్తే రెండేళ్లు జాగ్రత్త పడాలి. ట్యూబెక్టమీ (పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్) చేయించుకున్నవాళ్లకు ఈ లెక్క అక్కర్లేదు. 40 దాటాక కాపర్-టీ వేయించుకుంటే సాధారణంగా మెనోపాజ్ వరకు ఉంచొచ్చు, కానీ ఆ తర్వాత మర్చిపోకుండా తీయించుకోవాలి. వేయించిన తేదీ రాసిన కార్డు దాచకపోతే ఎప్పుడు వేశారో స్కాన్‌లో తెలియదు.